యురేనియం, బ్యాక్టీరియా: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ మా మేనమామ అడిగే ప్రశ్న ఒకటే: "యురేనియం తినే పురుగులను పెంచుతున్నవట గద?" అవి పురుగులు కావు, బ్యాక్టీరియా, యురేనియాన్ని అవి తినవు కూడా. గాలి చొరని సీసాల్లో చెరువు బురదను పెట్టి, అందులోని సూక్ష్మజీవులు లోహాలను ఏం చేస్తాయో గమనించడమే నా వృత్తి. ఆయనకు ముక్కలు ముక్కలుగా చెప్పిన సమాధానాలనే ఇక్కడ ఒక్కచోట చేర్చుతున్నాను.

అపోహ: బ్యాక్టీరియా రేడియోధార్మికతను పోగొడుతుంది.

వాస్తవం: రేడియోధార్మికత పరమాణు కేంద్రకానికి సంబంధించినది, బ్యాక్టీరియా ప్రమేయం కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల వరకే. యురేనియం-238 అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 447 కోట్ల సంవత్సరాలు, అందులో ఒక్క రోజును కూడా ఏ జీవీ తగ్గించలేదు. మారేది కరిగే గుణం. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం ప్లస్ ఆరు స్థితిలో, యురేనిల్ అయాన్‌గా కరిగి నీటి వెంట సాగిపోతుంది. రెండు ఎలక్ట్రాన్లు అందితే ప్లస్ నాలుగు స్థితికి దిగి, యురేనినైట్ అనే ఖనిజం వంటి, దాదాపు కరగని రూపంలో మట్టిలో నిలిచిపోతుంది. ఇనుముతో శ్వాసించే బ్యాక్టీరియా ఈ ఎలక్ట్రాన్లను యురేనియానికి కూడా ఇవ్వగలదని 1991లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం చూపింది. మనం ఆక్సిజన్‌కు అప్పగించే ఎలక్ట్రాన్లను అది లోహానికి అప్పగిస్తుంది కనుక, దాని ఆహారం ఎసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే లవణం) వంటి పదార్థం, యురేనియం దాని ఊపిరి మాత్రమే.

అపోహ: యురేనియాన్ని ఇలా మట్టిలో నిలిపి ఉంచడానికి రేడియేషన్‌ను తట్టుకునే అరుదైన బ్యాక్టీరియానే కావాలి.

వాస్తవం: ఈ మాట వెనుక ఉన్నది డైనోకాకస్ రేడియోడ్యురాన్స్ అనే బ్యాక్టీరియా ఖ్యాతి. 1956లో అమెరికాలోని ఒరెగాన్‌లో, రేడియేషన్‌తో శుద్ధి చేసినా చెడిపోయిన డబ్బా మాంసంలో అది బయటపడింది. మనిషి ప్రాణం తీయడానికి సుమారు 5 గ్రేలు (గ్రే అంటే శరీరం గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం) చాలగా, అది 5,000 గ్రేలను తట్టుకుంటుంది. తీవ్రమైన రేడియేషన్ ఉన్న వ్యర్థాలకు దాని అవసరం నిజమే. భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దానిలో ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ను విడుదల చేసే ఎంజైమ్) జన్యువును చొప్పించి, యురేనియాన్ని నీటిలో కరగని ఫాస్ఫేట్‌గా అవక్షేపింపజేశారు. అయితే సహజ యురేనియం వెలువరించే రేడియేషన్ తక్కువ. దాని హాని ప్రధానంగా రసాయనికమైనది, మూత్రపిండాలకు చేసేది. భూగర్భ జలాలలో ఈ పని చేసే, ఇనుముతో శ్వాసించే జియోబాక్టర్ వంటి బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టాలు మన వరి మడుల్లోనే ఉంటాయి. నాటు వేసి నీళ్లు నిలిపిన కొన్నాళ్లకు ఎర్ర చెలక మట్టి బూడిద రంగుకు తిరగడం ఆ కోవకు చెందిన జీవుల పనే.

అపోహ: ఒకసారి మట్టిలో పట్టి ఉంచితే ఇక దిగులు లేదు.

వాస్తవం: నా అభిప్రాయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. వేసవిలో చెరువు పూడిక తీసినప్పుడు నల్లగా ఉన్న మట్టి, పొలంలో వెదజల్లిన కొద్ది రోజులకే గోధుమ రంగుకు మారడాన్ని రైతులందరూ చూసి ఉంటారు. గాలి తగిలి ఇనుము తిరిగి ఆక్సీకరణం చెందడమే అది. యురేనియానిదీ అదే దారి. మా ప్రయోగశాలలో ఒకసారి, పదే పదే సూది గుచ్చడం వల్ల సీసా రబ్బరు బిరడా పాడై గాలి లోపలికి పోగా, వారాల తరబడి తగ్గుతూ వచ్చిన కరిగిన యురేనియం మళ్లీ పెరిగిపోయింది. పొలాల ఎరువుల నుంచి దిగే నైట్రేట్ గాలి లేకున్నా ఇదే పని చేయగలదు. బోరు నీటిలో బైకార్బనేట్, కాల్షియం ఎక్కువగా ఉంటే యురేనియం వాటితో జత కట్టి, బ్యాక్టీరియాకు సులభంగా లొంగదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రైఫిల్ వద్ద, పాత యురేనియం శుద్ధి స్థలంలో, 2002లో భూగర్భ జలంలోకి ఎసిటేట్ పంపినప్పుడు యురేనియం వారాల్లోనే బాగా తగ్గింది. కానీ జియోబాక్టర్ స్థానాన్ని సల్ఫేట్‌తో శ్వాసించే జీవులు ఆక్రమించాక, ఎసిటేట్ అందుతూనే ఉన్నా యురేనియం మళ్లీ పెరిగింది. ఫాస్ఫేట్ రూపానికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే అక్కడ యురేనియం ప్లస్ ఆరు స్థితిలోనే ఫాస్ఫేట్‌తో కలిసి అవక్షేపమవుతుంది, గాలి తగిలి తిరిగి ఆ స్థితికి మారాల్సింది ఏమీ ఉండదు.

అపోహ: ఒకే బ్యాక్టీరియా అన్ని రేడియోధార్మిక లోహాలకు సరిపోతుంది.

వాస్తవం: టెక్నీషియం యురేనియంలాగే ఎలక్ట్రాన్లు అందితే కరగని రూపానికి వస్తుంది. ప్లుటోనియం ప్లస్ మూడు స్థితికి దిగితే ఇంకా ఎక్కువ కరగవచ్చు. సీసియానికి, స్ట్రాన్షియానికి ఎలక్ట్రాన్లు ఇచ్చినా ప్రయోజనం లేదు. మొదటిది కొన్ని బంకమన్నులకే గట్టిగా పట్టుకుంటుంది, రెండోదాన్ని యూరియాను విడగొట్టే బ్యాక్టీరియా ఏర్పరచే సున్నపు స్ఫటికాలలో బంధించవచ్చు.

అపోహ: ఆ బ్యాక్టీరియాను బోరులో పోస్తే నీళ్లు శుభ్రమవుతాయి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి, ఆహారం ఉండటం, ఆక్సిజన్ లేకపోవడం రెండూ కుదరకపోతే అవి పని చేయవు, కుదిరితే ఇనుము, దుర్వాసన మీ నీటిలోకి వస్తాయి. మన గ్రానైట్ రాతి నేలల్లో యురేనియం సహజంగానే కొంత ఉంటుంది కాబట్టి, అనుమానం ఉంటే నీటిని పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఎక్కువ ఉంటే ఆర్‌వో యంత్రం ఉపయోగపడుతుంది, అయితే తీసేసిన యురేనియం అది బయటకు వదిలే నీటిలోకే చేరుతుంది కనుక ఆ నీటిని అదే బోరు పక్కన ఇంకనివ్వకండి.