ఓట్లు వాళ్లకు లేవు, చిప్పులు ఉన్నాయి: అమెరికా ఆంక్షలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పీణ్య నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సర్క్యూట్ బోర్డులు చేసి ఎగుమతి చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఎగుమతి కాగితాలు చూసే మాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: ప్రపంచమంతా తప్పుపట్టిన ఆంక్ష చెల్లదు.

వాస్తవం: క్యూబాపై అమెరికా దిగ్బంధం ఎత్తేయాలంటూ ఐరాస సర్వప్రతినిధి సభ 1992 నుంచి దాదాపు ఏటా తీర్మానిస్తోంది. 2023లో 187 దేశాలు సరేనన్నాయి, అందులో మనమూ ఉన్నాం. కాదన్నవి అమెరికా, ఇజ్రాయెల్. దిగ్బంధం మాత్రం కదల్లేదు. ఆ సభ తీర్మానం సిఫార్సే. కట్టడి చేయగలిగేది భద్రతామండలి, అక్కడేమో అమెరికాకు వీటో ఉంది. 1986లో నికరాగువా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాది తప్పని తేల్చినా, అమలుకు మండలి గడప ఎక్కితే వీటోయే ఎదురైంది.

అపోహ: అమెరికా చట్టం అమెరికా దాటి రాదు.

వాస్తవం: వస్తుంది. విమర్శకుల అసలు అభ్యంతరం ఇదే, మా దృష్టిలో అది న్యాయమైనదే. ఒక దారి డాలరు: సుడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీలకు 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా అమెరికాకు దాదాపు 900 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. రెండో దారి విడిభాగం. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, చిప్పుతో పాటు దాని చట్టమూ బోర్డులోకి వస్తుంది.

బోర్డు ధరలో అమెరికా మూలం ఉండి, సరుకు వెళ్లే దేశానికి నియంత్రణలో ఉన్న భాగాల విలువ ఎంత శాతమో చూడాలి. చాలా దేశాలకు హద్దు 25 శాతం, ఇరాన్, క్యూబా వంటివాటికి 10. అది దాటితే బోర్డుకు అమెరికా చట్టం వర్తిస్తుంది. లక్ష రూపాయల బోర్డులో అలాంటి చిప్పులు 24,000 అయితే గట్టెక్కినట్టే. పోటీ వల్ల బోర్డు ధర 90,000కి దిగిందా, అవే చిప్పులు 26.7 శాతం! అమెరికా లైసెన్సు అవసరమో కాదో మళ్లీ చూడాల్సిందే. డిజైన్ నాటి లెక్కను ఫైల్లో పడేసి మళ్లీ ముట్టుకోకపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. సింగపూర్ డీలరు బిల్లు చూసి చిప్పూ సింగపూర్‌దే అనుకోవడం ఇంకొకటి. మూలదేశం, ఈసీసీఎన్ (అమెరికా ఎగుమతి నియంత్రణ వర్గీకరణ) నంబరు తయారీదారు నుంచే రాతలో తీసుకోండి. కొన్ని వస్తువులకు ఈ శాతాల వెసులుబాటే లేదు.

అపోహ: కొనేవాడి పేరు నిషేధ జాబితాలో లేకపోతే చాలు.

వాస్తవం: చాలదు. జాబితాలోని ఇద్దరికి చెరో 25 శాతం వాటా ఉన్నా, కలిపి 50 అయింది కాబట్టి ఆ కంపెనీ కూడా అమెరికా ఖజానా శాఖ ఆంక్షల కిందికే వస్తుంది. వాటాదారుల పట్టిక అడగండి.

అపోహ: మన క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే రాకెట్) ఇంజన్ ఆలస్యానికి కారణం అమెరికా ఒక్కటే.

వాస్తవం: 1992లో ఇస్రోపై రెండేళ్ల ఆంక్షలు పెట్టిన మాట నిజం. రష్యా నుంచి సాంకేతికత రాలేదు, ఏడు ఇంజన్లే వచ్చాయి. అయితే 2010 ఏప్రిల్‌లో సొంత ఇంజన్‌తో చేసిన తొలి ప్రయోగం విఫలమైంది ఇంధన బూస్టర్ టర్బో పంపు ఆగిపోవడం వల్ల. విజయం 2014 జనవరి 5న దక్కింది.