పుండు మీద నురగ నుంచి నానోజైమ్ జెల్ దాకా

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని తెల్లటి నురగ వస్తుంది. అది మన ఒంట్లోని కెటలేజ్ అనే ఎంజైమ్ (రసాయన చర్యలను వేగంగా జరిపించే పదార్థం) పని. పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కానీ ఎంజైమ్‌లు ప్రోటీన్లు కదా, వేడి తగిలితే పాడవుతాయి. వాటిని శుద్ధి చేసి తీయడానికి ఖర్చూ ఎక్కువే.

2007లో బీజింగ్‌లో యాన్ షియున్ బృందానికి ఒక వింత కనిపించింది. అయస్కాంతంతో లాగడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావనుకున్న ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులు (కంటికి కనబడనంత చిన్నవి), పెరాక్సైడ్ తగలగానే పరీక్షల్లో వాడే రసాయనాన్ని నీలంగా మార్చేశాయి. అచ్చం హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప నుంచి తీసే పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లాగే! ఇలా ఎంజైమ్‌లా పనిచేసే నానో రేణువునే నానోజైమ్ అంటారు. 'నానోజైమ్' అన్న మాట మాత్రం అంతకు ముందే ఉంది. 2004లో ఇటలీలో పావ్లో స్క్రిమిన్ బృందం బంగారు రేణువుల విషయంలో వాడింది.

జెల్ కథ ఇంకా పాతది. నీటిని పట్టి ఉంచే మెత్తటి పాలిమర్ (చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థం) గురించి ప్రాగ్‌లో ఓటో విఖ్టర్లే, డ్రహోస్లావ్ లిమ్ 1960లో రాశారు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కి విఖ్టర్లే ఇంట్లోనే పిల్లల మెకానిక్ సెట్టు, సైకిల్ డైనమో పెట్టి మిషన్ బిగించి దానితో కాంటాక్ట్ లెన్సులు తీశాడు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద ప్రయోగాలు చేసి, పుండు ఎండిపోకుండా తడిగా ఉంటేనే త్వరగా మానుతుందని చూపించాడు.

ఈ రెండు దారులూ కలవడానికి కారణం చిన్నదే. నానో పొడిని పుండు మీద చల్లితే ముద్దకడుతుంది, రసితో పాటు కొట్టుకుపోతుంది. జెల్‌లో కలిపితే కదలదు. పెరాక్సైడ్ లాంటి చిన్న అణువులు మాత్రం లోపలికీ బయటికీ తిరుగుతాయి. షుగర్ పుండులో పెరాక్సైడ్ లాంటివి పేరుకుపోతాయి, ఆక్సిజన్ చాలదు. కెటలేజ్‌లా పనిచేసే రేణువు ఆ రెంటికీ ఒకేసారి మందు. ఇదే జెల్‌ను రంగు మారే పరీక్షకూ వాడుతున్నారు, ఫోన్ కెమెరాతో రంగు చదివితే చాలు.

అసలు టెన్షన్ ఇక్కడే. ఐరన్ ఆక్సైడ్ ఆమ్లం ఉన్నచోట పెరాక్సిడేజ్‌లా మారి, బ్యాక్టీరియాను చంపే రాడికల్స్‌ను, అంటే దేనితోనైనా వెంటనే చర్య జరిపే అణువులను పుట్టిస్తుంది. అవి కొత్తగా వస్తున్న చర్మ కణాలనూ వదలవు. పుండు మానేకొద్దీ దాని ఆమ్లత్వం కూడా మారుతూ ఉంటుంది. పైగా ఎలుకల్లో మానిందన్న వార్తలను కాస్త ఆగి చదవాలి. ఎలుక పుండు ఎక్కువగా చుట్టూ ఉన్న చర్మం దగ్గరికి లాక్కుని మూసుకుంటుంది. మనిషికి కొత్త కండ పుట్టి, పైన చర్మం పాకాలి.