ప్రభుత్వ వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లను వైకల్యం ఉన్నవారు వాడుకోగలరా లేదా అని పరీక్షించడం, కనిపించిన లోపాలను సరిచేయించడం నా వృత్తి. ఒక వ్యాపార సంస్థ సైటు పనిచేయకపోతే మరో సంస్థ దగ్గరికి వెళ్లవచ్చు కానీ, పింఛను దరఖాస్తుకో, జనన ధ్రువపత్రానికో రెండో చోటంటూ ఉండదు. కాబట్టి సైటుకు వచ్చిన వ్యక్తి మరొకరి సాయం లేకుండా తన పనిని చివరిదాకా ముగించుకోగలిగారా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష. సమీక్షా సమావేశాల్లో తరచుగా వినిపించే కొన్ని మాటలు ఆ పరీక్షకు నిలవవు.

అపోహ: పేజీ పైభాగాన అక్షరాలను పెంచే బటన్లు, రంగులు మార్చే పట్టీ పెడితే సైటు యాక్సెసిబుల్ అయినట్టే.

వాస్తవం: పెద్ద అక్షరాలు కావలసినవారు ఆ అమరికను తమ బ్రౌజర్‌లోనో, ఫోన్‌లోనో ముందే చేసుకుని ఉంటారు. చూపు లేనివారు ఎన్‌వీడీఏ, జాస్, టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ వంటి స్క్రీన్ రీడర్‌ను, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను, తమవెంట తెచ్చుకుంటారు. ఆ సాధనాలకు అడ్డుపడకుండా ఉండటమే సైటు చేయవలసిన పని. దరఖాస్తులో ఒక గడి పక్కన ‘తండ్రి పేరు’ అని కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా, కోడ్‌లో ఆ లేబుల్‌ను గడితో జతచేయకపోతే, అక్కడ ఏదో రాయడానికి ఖాళీ ఉందని తప్ప ఏం రాయాలో స్క్రీన్ రీడర్ చెప్పలేకపోవచ్చు. అలాంటి గడులతో నిండిన ఫారాన్ని ఏ పట్టీ బాగుచేయదు.

ఒక్క లైను కోడ్ చేర్చుకుంటే సైటంతా దానంతటదే ప్రమాణాలకు సరిపోతుందని చెప్పి అమ్మే ‘ఓవర్‌లే’లను కూడా ఇదే దృష్టితో చూడాలి. అలాంటి సాధనం గురించి తప్పుదోవ పట్టించే హామీలు ఇచ్చిందన్న ఆరోపణపై అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఒక సంస్థ చేత 10 లక్షల డాలర్లు కట్టించే చర్య తీసుకుంది. అయినా కొనుగోలు విభాగాలకు ఈ బేరం ఆకర్షణీయంగానే కనిపిస్తోంది.

అపోహ: ఇదంతా అంధుల కోసమే.

వాస్తవం: చేతులు వణికేవారు చాలామంది మౌస్ జోలికి వెళ్లకుండా కీబోర్డులోని ట్యాబ్, ఎంటర్ మీటలతోనే పని జరుపుకుంటారు. మౌస్ ఆనిస్తే తప్ప తెరుచుకోని మెనూ ఉంటే వారి ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. వినికిడి లేనివారికి వీడియో ప్రకటనలకు క్యాప్షన్లు కావాలి. ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చి సందేహాలకు దానికి కాల్ చేయమంటే వారికి ఉపయోగం లేదు. చదవడంలో, గుర్తుంచుకోవడంలో ఇబ్బంది ఉన్నవారిని ఎక్కువగా దెబ్బతీసేవి గడువు ముగిసి ఖాళీ అయిపోయే ఫారాలు. అంతర్జాతీయంగా అనుసరించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం, గడువును తొలగించుకునే లేదా ముందే పెంచుకునే వీలు ఇవ్వని సైటు, అది ముగిసేలోపు హెచ్చరించి, ఒక మీట నొక్కడం వంటి తేలికైన చర్యతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్ల వ్యవధి ఇవ్వాలి.

2023 అక్టోబరులో వెలువడిన ఈ మార్గదర్శకాల 2.2 వెర్షన్ మరికొంత ముందుకు వెళ్లింది. ఒకే దరఖాస్తులో ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ టైపు చేయించకూడదని, లాగిన్ కావడానికి జ్ఞాపకశక్తి మీదో, చిక్కుప్రశ్న మీదో మాత్రమే ఆధారపడకూడదని అది చెబుతుంది. పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయడాన్ని ‘భద్రత కోసం’ నిరోధించే సైట్లు ఈ నియమాన్ని చదవాలి. వచ్చింది మనిషో, యంత్రమో తేల్చే వంకర అక్షరాల పరీక్షకు (క్యాప్చా) తోడుగా శబ్దంతో వినిపించే మరొకటి పెట్టి సరిపెట్టుకునేవారు, చూపూ వినికిడీ రెండూ లేనివారికి ఏ దారీ మిగల్చలేదని గమనించాలి.

అపోహ: ఉత్తర్వులన్నీ పీడీఎఫ్‌లుగా పెట్టాం కాబట్టి సమాచారం అందుబాటులో ఉంది.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. కంప్యూటర్‌లోనే తయారైన ఉత్తర్వును ముద్రించి, సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తారు. ఆ ఫైలులో మిగిలేది ఒక ఫోటో మాత్రమే. అందులో అక్షరాలు లేవు కాబట్టి స్క్రీన్ రీడర్ దాన్ని సాధారణంగా ఖాళీ పత్రంగానే చూస్తుంది, సైటులోని వెతుకులాటకు కూడా అది దొరకదు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంకేత పద్ధతి) కాని పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పత్రాలది మరో రకం ఇబ్బంది: తెర మీద తెలుగే కనిపిస్తుంది, వెనక ఉన్నవి మాత్రం రోమన్ అక్షరాలు, గుర్తులు కావడంతో వినేవారికి అర్థంలేని ధ్వనులు వినిపిస్తాయి.

వీలైనంతవరకు విషయాన్ని మామూలు వెబ్ పేజీగా ఇచ్చి, సంతకం ఉన్న ప్రతిని దానికి జతచేయడం మేలు. పీడీఎఫ్ తప్పనిసరైతే మూల పత్రంలో శీర్షికలను, పట్టికల తలవరుసలను స్టైళ్లతో గుర్తించి, ఏది శీర్షికో, ఏది పట్టికో స్క్రీన్ రీడర్‌కు తెలిపే ట్యాగులతో సహా ఎగుమతి చేయాలి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించడం కూడా మరవకూడదు. ప్రకటించకపోతే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతు చదవబోయి చతికిలబడవచ్చు.

అపోహ: ఆటోమేటిక్ పరీక్షా సాధనానికి ఒక్క తప్పూ దొరకలేదు కాబట్టి సైటు బాగున్నట్టే.

వాస్తవం: ఆ సాధనాలు పనికిరావని నేను అనను. అక్షరాల రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1 ఉందా లేదా అని అవి క్షణాల్లో లెక్కగట్టగలవు. బొమ్మకు ప్రత్యామ్నాయ వచనం, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ, ఉందో లేదో చెప్పగలవు. ఆ వచనంలో ‘చిత్రం’ అని మాత్రమే ఉన్నప్పుడు అది వ్యర్థమని గ్రహించలేవు. అందుకే మౌస్‌ను పక్కన పెట్టి, దరఖాస్తు మొదలుపెట్టిన చోటు నుంచి రసీదు వచ్చేదాకా కీబోర్డుతోనే వెళ్లి చూడాలి. ఫోకస్, అంటే కీబోర్డు ఇప్పుడు ఏ గడి మీద ఉందో చూపే గుర్తు, కనిపించకపోవడం, తేదీ ఎంచుకునే క్యాలెండర్‌లోకి వెళ్లాక బయటికి రాలేకపోవడం వంటి లోపాలు సాధారణంగా అప్పుడే బయటపడతాయి. ఆపైన స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడేవారి చేత, పారితోషికం ఇచ్చి, పరీక్ష చేయించాలి.

అపోహ: ప్రతి బొమ్మకూ వివరణ రాయాలి.

వాస్తవం: అలంకారం కోసం పెట్టిన గీతలకు, పూల అంచులకు ప్రత్యామ్నాయ వచనాన్ని కావాలనే ఖాళీగా వదలాలి. ‘ఆకుపచ్చ అంచు’ అని పదిసార్లు వినడం ఎవరికీ అక్కరలేదు.

అపోహ: వైకల్యం ఉన్నవారి కోసం విడిగా ఒక సాదా పేజీ ఉంటే చాలు.

వాస్తవం: ఆ పేజీని తాజాపరచడం కొన్నాళ్లకు ఆగిపోతుంది.

అపోహ: సైటుకు ధ్రువీకరణ పత్రం వచ్చింది, పని పూర్తయింది.

వాస్తవం: ఆ పత్రం పరీక్ష జరిగిన నాటి పేజీల గురించే మాట్లాడుతుంది. మర్నాడు ఒక గుమాస్తా స్కాన్ చేసిన జాబితాను ఎక్కిస్తే, ఆ జాబితా వరకు సైటు మళ్లీ మూతపడినట్టే. రుసుము చెల్లించే పేజీ చాలాచోట్ల మరో సంస్థది కావడంతో పరీక్ష దాకా రాకుండా తప్పించుకుంటుంది. అందువల్ల టెండరు పత్రంలోనే డబ్ల్యూసీఏజీ మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ స్థాయిని షరతుగా రాసి, లోపాలు సరిదిద్దాకే తుది చెల్లింపు జరిగేలా చూడాలి. విషయాన్ని ఎక్కించే సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం సమాచార, కమ్యూనికేషన్ వ్యవస్థలను కూడా అందుబాటులో ఉంచవలసినవాటిలో చేర్చింది. ఐరోపా యూనియన్ 2016లో చేసిన ఆదేశం ప్రభుత్వ సంస్థలు యాక్సెసిబిలిటీ ప్రకటనను ప్రచురించాలని, లోపాలను తెలియజేసే మార్గాన్ని అందులో ఇవ్వాలని నిర్దేశించింది. ఏ దేశంలోనైనా అనుసరించదగిన పద్ధతి ఇది. ఏ పేజీలు ఇంకా పనిచేయడం లేదో, అంతవరకు ఆ సేవను ఎలా పొందాలో ఆ ప్రకటనలో దాచకుండా రాయాలి. వచ్చిన ఫిర్యాదులను ఏ అధికారి చదవాలో, ఎన్నాళ్లలో జవాబివ్వాలో ముందే నిర్ణయించి పెట్టకపోతే, అక్కడ ఇచ్చిన ఈమెయిల్ చిరునామాలో ఉత్తరాలు పేరుకుపోతాయి తప్ప ఒక్క ఫారమూ బాగుపడదు.