మూత లేవని శనివారం

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. శనివారం ఉరుములతో వాన అని ఫోనులో చూసి ఆట మానుకున్నారు. తీరా చూస్తే సాయంత్రం దాకా ఎండ మాడ్చేసింది. ఆదివారం వాన పడే అవకాశం 30 శాతమే అన్నారని ధైర్యంగా వెళ్తే, అరగంట తిరక్కముందే వడగళ్ళు పడి, తడిసి ముద్దై ఇంటికి పరుగెత్తారు. "వాతావరణం చెప్పేవాళ్ళంతా అబద్ధాలకోరులు" అని పెద్దవాడు రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. చదివి నవ్వాను. నవ్వు తగ్గాక కొంచెం కోపం వచ్చింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగు.

ముందు శనివారం సంగతి. వసంతంలో నేల తొందరగా వేడెక్కుతుంది. అయిదారు కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని మాత్రం చలికాలం ఇంకా వదలదు. నేలను తాకి వేడెక్కిన గాలి తేలికై లేస్తుంది. లేచేకొద్దీ అదీ చల్లబడుతుంది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున. అయినా చుట్టూ ఉన్న గాలి తనకన్నా చల్లగా ఉన్నంతసేపూ దాని ప్రయాణం ఆగదు. అందులోని తేమ నీటి బిందువులుగా మారేటప్పుడు, ఆవిరైనప్పుడు దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడి దాన్ని ఇంకా పైకి తోస్తుంది. అలా ఒక్క మధ్యాహ్నంలోనే 12 కిలోమీటర్ల ఎత్తు మేఘం తయారవుతుంది. తల భాగం కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుని ఉంటే అది క్యుములోనింబస్ అని గుర్తు. ఉరుము, మెరుపు, వడగల్లు, ఈదురుగాలి అన్నీ దాని సంతానమే.

అయితే కొన్ని రోజుల్లో ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున వెచ్చని గాలి పొర ఒకటి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. కింది నుంచి లేచిన గాలి అక్కడికి చేరేసరికి చుట్టూ ఉన్నదే తనకన్నా వెచ్చగా ఉంటుంది. ఇక లేవలేదు. గిన్నె మీద మూత పెట్టినట్టన్నమాట. శాస్త్రజ్ఞులు కూడా దీన్ని మూత అనే అంటారు. మూత గట్టిదైతే రోజంతా ఎండే. నేల మరో రెండు డిగ్రీలు వేడెక్కినా, ఎక్కడి నుంచో చల్లగాలి వచ్చి అడుగున దూరి ఎత్తినా మూత లేచిపోతుంది. అప్పటిదాకా కింద పోగుపడ్డ వేడీ తేమా ఒక్కసారిగా పైకి దూకుతాయి. మూత అసలు లేని రోజుకన్నా, ఉండి ఆలస్యంగా లేచిన రోజునే గాలివాన ఎక్కువ బీభత్సంగా ఉంటుంది! శనివారం ఆకు కదల్లేదని, ఉక్క పోసిందని చిన్నది రాసింది కదా, నా అనుమానం ఆ రోజు మూత లేవలేదని. లేచి ఉంటే మీరు ఇల్లు కదలనందుకు సంతోషించేవారు.

ఇక ఆ 30 శాతం. అలాంటి రోజులు పది వస్తే, వాటిలో మూడు రోజులు మీరున్న చోట వాన పడుతుందని దాని అర్థం. మీకు ఆ మూడింటిలో ఒకటి తగిలింది. మామూలు ఉరుముల మేఘం కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, గంటలోపే దాని ఆయుష్షు తీరుతుంది. గిన్నెలో నీళ్ళు మరుగుతాయని ఎవరైనా చెప్పగలరు. మొదటి బుడగ ఎక్కడ లేస్తుందో చెప్పమంటే?

అబద్ధాలకోరులు అన్నావు కాబట్టి పెద్దవాడా, నీకో మనిషి గురించి చెప్పాలి. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అని ఒక ఇంగ్లీషాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతూ, తీరిక దొరికినప్పుడు గడ్డికుప్ప మీద కూర్చుని లెక్కలు చేసేవాడు. 1910 మే 20 ఉదయం యూరప్‌లో తీసిన కొలతలు పట్టుకుని, ఆరు గంటల్లో గాలి పీడనం ఎంత మారి ఉండాలో చేత్తో కట్టాడు. 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. అదెంతో తెలుసా? సముద్ర మట్టంలో మామూలు పీడనం 1013. ఇప్పటిదాకా కొలిచిన అతి తక్కువ పీడనం 870, 1979లో టిప్ అనే పెనుతుఫాను నడుమ. ఆ రెండింటికీ ఉన్న తేడా ఎంతో, ఆయన లెక్కలో ఆరు గంటల మార్పు దాదాపు అంత! నిజానికి ఆ రోజు పీడనం కదిలీ కదలనట్టుగా ఉంది. ఇంకొకరైతే ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేవారు. ఆయన 1922లో తప్పుతో సహా పుస్తకంలో అచ్చు వేయించాడు. పద్ధతి సరైనదేనని, మొదట తీసుకున్న గాలి కొలతల్లోనే తేడా ఉందని తర్వాత తేలింది. ఇవాళ కంప్యూటర్లు చేసే వాతావరణ లెక్కలకు ఆ పద్ధతే పునాది.

కంప్యూటర్లు వచ్చాక మరో చిక్కు బయటపడింది. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్లో ఒక చిన్న వాతావరణ నమూనాను మళ్ళీ నడిపిస్తూ, 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని కొట్టాడు. కాసేపటికి రెండో ఫలితానికీ మొదటిదానికీ పోలికే లేకుండా పోయింది. అందుకని ఇప్పుడు ఒక్కసారి లెక్క కట్టి ఊరుకోరు. యూరప్ వాతావరణ కేంద్రం మొదటి కొలతలను ఇంచుక అటూ ఇటూ మార్చి, మొత్తం 51 సార్లు కడుతుంది. వాటిలో 15 సార్లు మీ దగ్గర వాన వచ్చిందనుకోండి, సుమారుగా అదే మీ 30 శాతం. వసంతంలో ఈ లెక్కలు తొందరగా దారులు చీలుతాయి. సోమవారం చెప్పినది బుధవారానికి మారుతుంది. మారిందంటే మాట తప్పారని కాదు, కొత్త కొలతలు వచ్చాయని. రోజుకు రెండుసార్లు ప్రపంచమంతటా ఎగరేసే బెలూన్లు, ముప్ఫై కిలోమీటర్ల దాకా పోయి పగిలేలోపు, మీ మూత ఎంత గట్టిదో కూడా కొలిచి పంపుతాయి.

ఫ్రిజ్‌లో దాచిన వడగల్లును కోసి చూడండి, పొరలు కనిపించవచ్చు. పైకి లేచే గాలి దాన్ని పడనివ్వకుండా మోస్తున్నప్పుడు ఒంటికి పట్టిన మంచు అది.

వచ్చే శనివారం కూడా ఉరుములంటున్నారని రాశారు. ఆట మానకండి, పొద్దున్నే పెట్టుకోండి. ఈ మేఘాలకు బలం వచ్చేది ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. అయిదు రోజుల ముందు చెప్పిన గంటను నమ్ముకోవద్దు, ఎక్కడ వాన పడుతోందో చూపించే ఆ పూట రాడార్ బొమ్మ చూసుకోండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినిపిస్తే బంతి ఎక్కడున్నా వదిలేసి ఇంట్లోకి రండి, చెట్టు కిందికి మాత్రం పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి. ఈ ఒక్క విషయంలో నాతో వాదన పెట్టుకోకండి.

లెక్కపెట్టిన సెకన్లు రాసి పంపండి. చిన్నది వేళ్ళు మడిచి లెక్కపెడితే ఎప్పుడూ తొందరపడుతుంది, గడియారం దాని చేతికే ఇవ్వండి.

మీ
అమ్మమ్మ