ఇళ్ల రేట్లు పెరిగితే ఎవరికి లాభం? ఒక వాల్యుయర్ చెబుతున్న అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో బ్యాంకుల తరఫున ఇళ్లకు, ఫ్లాట్లకు విలువ కట్టడం నా పని. లోన్‌కి అప్లై చేశాక ఒకాయన ఇంటికొచ్చి, గదులు కొలిచి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్తాడు కదా, ఆ పని చేసేది నేనే. రేట్లు పెరిగాయన్న వార్త ఒక ఇంట్లో సంబరం, పక్కింట్లో దిగులు తెస్తుంది. సొంతిల్లున్నవాళ్లు ‘మన గజం ఎంతకి పోయిందో విన్నారా’ అంటారు. అద్దెకుండేవాళ్లు ‘ఇక ఈ జన్మలో కొనలేం’ అంటారు. ఇద్దరి లెక్కల్లోనూ తప్పులుంటున్నాయి. ఆ తప్పుల వల్ల కొందరు మోయలేని అప్పు నెత్తికెత్తుకుంటున్నారు, కొందరు కొనగలిగీ వెనకాడుతున్నారు.

అపోహ: కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికిందంటే మన ఏరియాలో కూడా పెరిగినట్టే

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వేలంలో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ భూమి 2021 జులైలో ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అదే 100.75 కోట్లకు చేరింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) వేలం వేస్తే ఎకరానికి 177 కోట్లు వచ్చింది. వేలం జరిగిన ప్రతిసారీ మర్నాడు నాకు ఫోన్లు వస్తాయి: ‘సార్, మా స్థలం ఇప్పుడు ఎంత చేస్తుంది?’

ఆ వంద కోట్లు ఎందుకు పెట్టారో లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఫైర్ అనుమతులు సరిపోతే ఎత్తుగా కట్టుకుంటూ పోవచ్చు. ఉదాహరణకు అక్కడ ఎకరానికి 4 లక్షల చదరపు అడుగులు కట్టారనుకుందాం. వంద కోట్ల భూమి ఖర్చు ఒక్కో అడుగుకి 2,500 రూపాయలే పడుతుంది.

ఇప్పుడు అదే రేటు 30 అడుగుల రోడ్డులో ఉన్న 200 గజాల ప్లాటుకి కట్టండి. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం 2 లక్షల 6 వేల పైచిలుకు, ప్లాటు 4 కోట్ల 13 లక్షలు. మూడు అంతస్తుల్లో మహా అయితే 3,600 అడుగులు కట్టగలరు. అంటే అడుగుకి భూమి ఖర్చే దాదాపు 11,500. దాని మీద కట్టుబడి ఖర్చు. ఆ రేటుకి కొనేవాళ్లు ఆ వీధికి రారు. వేలం రేటు ఆ స్థలానిది, అక్కడ కట్టగలిగే టవర్లది. అది నిజాంపేట లోపలి వీధిది కాదు, షాద్‌నగర్ వెంచర్‌ది అసలే కాదు.

అపోహ: పక్కవాళ్లు చెప్పిన రేటే మార్కెట్ రేటు

అడిగే రేటు వేరు, అమ్ముడైన రేటు వేరు. ప్రాపర్టీ సైట్లలో కనిపించేది మొదటిది. ఇంటి ఓనర్లు నాకు చెప్పేదీ ఎక్కువగా అదే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూడండి. ప్రతి లావాదేవీకీ మార్కెట్ వాల్యూ అని ఒకటి, కన్సిడరేషన్ వాల్యూ అని ఒకటి, రెండు అంకెలుంటాయి. మొదటిది ప్రభుత్వం కట్టిన విలువ. తెలంగాణలో దాన్ని 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో పెంచారు. రెండోది కాగితం మీద చేతులు మారిన మొత్తం. నిజం ఈ రెండింటికీ అవతల ఎక్కడో ఉంటుంది, ఎందుకంటే కొంత డబ్బు ఇప్పటికీ నగదు రూపంలో చేతులు మారుతోంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టరీత్యా తప్పు. అయినా ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అన్న ప్రశ్నతోనే చాలా బేరాలు మొదలవుతాయి. దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది జీతం మీద బతికే కొనుగోలుదారు. బ్యాంకు వైట్ మీదే లోన్ ఇస్తుంది, బ్లాక్‌కి నగదు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా రేపు తను అమ్మేటప్పుడు కొన్న ధర కాగితంలో తక్కువగా కనిపించి, కట్టాల్సిన పన్ను పెరుగుతుంది.

ఇంకొకటి, కొలతలు. 1,500 అడుగులని అమ్మిన ఫ్లాటులో గోడకీ గోడకీ మధ్య కొలిస్తే నాకు 1,050 వచ్చిన సందర్భాలున్నాయి. మిగతాది కారిడార్, లిఫ్టు, క్లబ్‌హౌస్ వాటా. అడుగు 8,000 అని కొన్నవాళ్లు నిజానికి కార్పెట్ ఏరియాకి, అంటే గోడల మధ్య ఉన్న చోటుకి, అడుగుకి 11,400 పైన కట్టారు. విద్యానగర్‌లో పాత మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌నీ కొత్త టవర్‌నీ అడుగు రేటుతో పోల్చి ‘ఇది చవక, అది ఖరీదు’ అనడానికి వీల్లేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా చెప్పి తీరాలంటోంది. అడగండి, రాయించుకోండి.

అపోహ: రేటు పెరిగింది కాబట్టి సొంతిల్లున్న ప్రతివాళ్లూ బాగుపడ్డారు

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. కూకట్‌పల్లిలో ఒక కుటుంబం ఉందనుకోండి. వాళ్ల రెండు గదుల ఫ్లాటు 60 లక్షలు ఉండేది, ఇప్పుడు 1.2 కోట్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అమ్మానాన్న వచ్చి ఉంటున్నారు, మూడు గదులది కావాలి. అది అప్పట్లో 90 లక్షలు, ఇప్పుడు 1.8 కోట్లు. అప్పుడు 30 లక్షలు కలుపుకుంటే చాలేది, ఇప్పుడు 60 లక్షలు కావాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అది ఇంకో 13.5 లక్షలు. ఆస్తి రెట్టింపయింది, ఒక గది పెంచుకోవడం మాత్రం ఇంకా దూరమైంది.

లాభం ఉన్నది ఉండే ఇల్లు కాక రెండోది, మూడోది ఉన్నవాళ్లకి, లేదా ఇక్కడ అమ్మేసి చిన్న ఊరికి వెళ్లిపోయేవాళ్లకి. అద్దెకుండేవాళ్లకి ఇందులో ఏమీ రాదు. ఆ అద్దె ఇంట్లోనే పెరుగుతున్న పిల్లలకి అంతకన్నా రాదు. ఒకే ఇల్లున్నవాళ్లు సంబరపడుతుంటే కాదనలేను. కానీ అదే ఇంట్లో కొడుకు ఉద్యోగంలో చేరి సొంతంగా ఇల్లు చూసుకోవాలన్న రోజున ఆ సంబరం మిగలదు.

అపోహ: ఎన్నారైల వల్లే రేట్లు పెరిగాయి

కొంత నిజం, అంతే. రూపాయి పడిపోవడం వాళ్లకు కలిసొచ్చింది. డాలరు 60 రూపాయలున్నప్పుడు కోటి రూపాయల ఫ్లాటుకి లక్షా 67 వేల డాలర్లు కావాలి, 84 అయితే లక్షా 19 వేలు చాలు. కానీ పడమటి వైపు ఐటీ ఉద్యోగాలు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, 2020–22 మధ్య చవగ్గా దొరికిన లోన్లు లేకుండా ఈ పెరుగుదల లేదు. డాలస్‌లో ఉన్న బావగారిని తిట్టుకుని లాభం లేదు.

అపోహ: భూమి రేటు ఎప్పటికీ తగ్గదు

అమరావతి వైపు చూడండి. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగాక తుళ్లూరు చుట్టుపక్కల ఎకరం కోట్లు దాటింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు కరువయ్యారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ బేరాలు మొదలయ్యాయి. మధ్యలో ఆ నాలుగున్నరేళ్లు పిల్ల పెళ్లికో, వైద్యానికో అమ్ముకోవాల్సి వచ్చిన రైతు పరిస్థితి ఆలోచించండి. హైదరాబాద్‌లోనూ 2009 నుంచి రాష్ట్ర విభజన దాకా రేట్లు పెద్దగా కదల్లేదు. పైకి తగ్గినట్టు కనిపించదు, కానీ ఏటేటా లోన్ వడ్డీ కడుతూ అదే రేటు దగ్గర కూర్చోవడం నష్టమే.

అపోహ: రేటు 25 శాతం పెరిగితే మన భారమూ 25 శాతమే పెరుగుతుంది

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం లోన్ 30 నుంచి 75 లక్షల మధ్యయితే ఇంటి విలువలో 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా మాత్రమే ఇస్తారు. కట్టుబడిలో ఉన్న 80 లక్షల ఫ్లాటు తీసుకుందాం. లోన్ 64 లక్షలు. చేతి నుంచి 16, రిజిస్ట్రేషన్‌కి 6, జీఎస్టీ 5 శాతం చొప్పున 4, మొత్తం 26 లక్షలు. అదే ఫ్లాటు కోటి అయితే లోన్ 75 దగ్గర ఆగిపోతుంది. చేతి నుంచి 25, రిజిస్ట్రేషన్ ఏడున్నర, జీఎస్టీ 5, మొత్తం 37.5 లక్షలు. రేటు 25 శాతం పెరిగితే సమకూర్చుకోవాల్సిన డబ్బు 44 శాతం పెరిగింది. ‘ఈఎంఐ కట్టగలం కానీ కొనలేకపోతున్నాం’ అని దంపతులు నాతో అనేది ఇందుకే. వాళ్లు అతిగా ఆశపడుతున్నారని పెద్దవాళ్లు అనడం న్యాయం కాదు.

ఈఎంఐ కూడా స్థిరం కాదు. 2021లో 6.7 శాతానికి 60 లక్షలు, 20 ఏళ్లకి తీసుకుంటే నెలకు 45,400. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ) రెండున్నర శాతం పెరిగింది. 9.2 శాతం వడ్డీకి అదే లోన్ 54,800 అవుతుంది. ఆ తర్వాత 2025లో మళ్లీ తగ్గించారు. ఇప్పుడు లోన్ తీసుకునేవాళ్లు ఇవాళ్టి ఈఎంఐకి మరో పది వేలు కలిపి, అది కట్టగలమా అని చూసుకోవాలి.

అపోహ: ఇప్పుడే ప్రీలాంచ్‌లో వేసుకోకపోతే రేపు అందదు

ఈ టెన్షన్‌తోనే చాలామంది జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారు. ప్రాజెక్టుకి అనుమతులు రాకముందే, యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) పేరుతో మొత్తం డబ్బు ముందే కడితే సగం రేటుకే ఫ్లాటు అంటారు. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టుని రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే కాదు, ప్రచారం చేయడం కూడా చట్టవిరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్టులోనైనా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే విడిగా ఖాతాలో ఉంచాలి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. అక్కడ లేకపోతే, చెప్పింది బంధువైనా సరే, రూపాయి కూడా ఇవ్వకండి.