సిగ్నల్ అందని ఊళ్లో మిద్దె మీది యాంటెన్నా

సీతారామపురం వైపు నుంచి ఒకాయన అడిగారు: "మాకు పడమటంతా వెలిగొండలే. మిద్దె ఎక్కితేగానీ ఫోన్ మోగదు. కడ్డీల యాంటెన్నా బిగిస్తే పిల్లలకు రేడియేషన్ తగులుతుందా? పోలీసు కేసవుతుందా?"

ముందు ఒక సంగతి. ఇప్పటి ఫోన్లకు బయటి యాంటెన్నా తగిలించే చోటే ఉండదు. సిమ్ వేసుకునే 4జీ రూటర్లలో కొన్నిటికి ఉంటుంది, కేబులు దానికి బిగించాలి. ఇక ఫోన్ వెనక అతికించే "సిగ్నల్ స్టిక్కర్" అంటారా, దానికంటే తాయెత్తు చవక.

యాంటెన్నా సిగ్నల్‌ను ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే "గెయిన్" అనే మాటే అందర్నీ భయపెడుతోంది. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లేవాళ్ల టార్చిలైటు చూడండి. ముందు గిన్నె తిప్పితే పరుచుకున్న వెలుగు ఒక్కచోటికి చేరి, దూరాన ఉన్న బోరు మీద పడుతుంది. బ్యాటరీ అదే, బల్బు అదే. పక్కన గట్టు మీద మాత్రం చీకటి. యాంటెన్నా కూడా అంతే. కొత్తగా శక్తిని పుట్టించదు, అన్ని దిక్కులకూ పోయేదాన్ని ఒక దిక్కుకు మళ్లిస్తుంది. ఆ దిక్కు నుంచి వచ్చేదాన్నే బాగా వింటుంది కూడా. గెయిన్ 10 డెసిబెల్స్ అంటే అటువైపు పది రెట్లు. వెలుగు సన్నబడేకొద్దీ గురి కష్టం కాబట్టి, గాలికి యాంటెన్నా నిలబెట్టిన గొట్టం కాస్త తిరిగినా సిగ్నల్ పోతుంది.

లెక్క వేద్దాం. మామూలు 4జీ పరికరం గరిష్ఠంగా పంపేది 200 మిల్లీవాట్లు. పది రెట్లంటే 2 వాట్లు. యాంటెన్నాకు సరిగ్గా ఎదురుగా, మూడు మీటర్ల దూరంలో నిలబడితే చదరపు మీటరుకు దాదాపు 0.018 వాట్లు. ఫోన్ సిగ్నల్ నడిచే తరంగాల్లో ఒకటైన 900 మెగాహెర్ట్జ్ దగ్గర టవర్లకు మన దేశం పెట్టిన పరిమితి 0.45, అంటే ఇది పాతిక రెట్లు తక్కువ. పైగా పిల్లలు ఉండేది మిద్దె కింద, టార్చి వెలుగు పడని చోట. సిగ్నల్ లేని గదిలో ఫోను పూర్తి శక్తితో అరుస్తుంది, దాన్ని చెవికి ఆనించుకుంటాం. టవరు బాగా వినబడితే అదే తగ్గించుకుంటుంది.

దుకాణాల్లో చెప్పనిది కేబులు సంగతి. సన్నని ఆర్‌జి-58 రకం, 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు అర డెసిబెల్ తినేస్తుంది. ఇరవై మీటర్లు లాగితే కొన్న గెయినంతా కేబులుకే సరి.

కేసు భయం ఉండాల్సింది ఈ యాంటెన్నాకు కాదు, కరెంటుతో నడుస్తూ సిగ్నల్‌ను పెంచి పంపే బూస్టరుకు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాకా, అనుమతి లేకుండా అలాంటివి పెట్టుకోవడం తప్పే. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అంటే కుదరదు. అది మన మాటతోపాటు రొదనూ పెంచి టవరు మీదికి తోస్తుంది, దాంతో ఊళ్లో మిగతావాళ్ల కాల్స్ తెగిపోతాయి.

అసలు ప్రమాదం పిడుగు, కరెంటు తీగ. ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అంటాం గానీ ఇనప గొట్టానికి ఎర్తింగ్ మాత్రం చేయించం. గొట్టం విరిగి పడినా 11 కేవీ తీగలకు అందనంత దూరంలో నిలపాలి. మబ్బు పట్టగానే, ఉరుము వినబడకముందే, రూటరు నుంచి కేబులు ఊడదీయాలి.