మారుమూల చేపల రేవులో తెరచాప పడవ: అపోహలు - వాస్తవాలు

విశాఖ నుంచి చెన్నైకి తెరచాప పడవలు చేరవేయడం నా పని. దారి 300 నాటికల్ మైళ్లకు పైనే. జనవరిలో ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఎక్కువగా ఆ నెలలోనే బయలుదేరతాను. కాకినాడ దాటాక గోదావరి, కృష్ణా డెల్టాల పొడవునా ఆగుదామంటే దొరికేవి చాలావరకు చేపల రేవులే: గిలకలదిండి, నిజాంపట్నం లాంటివి. వీటి గురించి కొత్తవాళ్లలో కొన్ని నమ్మకాలు గట్టిగా ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చేదాంతో మొదలుపెడతాను.

అపోహ: సముద్రం రేగితే దగ్గర్లోని రేవులోకి వెళ్లిపోతే చాలు.

వాస్తవం: ఈ రేవుల దగ్గర అలా వెళ్లడమే పెద్ద ప్రమాదం. ఇవి తిన్నగా సముద్రపు ఒడ్డున లేవు. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు, దాటి లోపలికి వెళ్లాలి. పైనుంచి వచ్చే ఒండ్రు, అలలు తోసుకొచ్చే ఇసుక ఆ మొగలో మేట వేస్తాయి. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. బయట నునుపుగా కనిపించిన మీటరున్నర అల, రెండు మీటర్ల నీళ్లున్న మేట మీదికి వచ్చేసరికి గోడలా లేచి కూలుతుంది. నేను నడిపే పడవ కీల్ (అడుగున ఉండే బరువైన రెక్క) నీటిలోకి 1.8 మీటర్లు దిగుతుంది. అంటే అల విరిగే చోటే మా అడుగు ఇసుకకు తగులుతుంది.

దీనికి పాటు, అంటే నీరు వెనక్కి తగ్గే వేళ, తోడైతే ఇంకా ఘోరం. లోపలి నీరు సముద్రంలోకి లాగుతుంటే, ఎదురుగా సముద్రపు గాలి వీస్తే, అలలు దగ్గరదగ్గరగా నిట్టనిలువుగా లేస్తాయి. అందుకే మొగ దాటేది పోటులోనే, అంటే నీరు పెరిగే వేళే, అదీ నిండడానికి రెండు గంటల ముందు నుంచి. అప్పుడు నేల తగిలినా పెరిగే నీరే పడవను లేపుతుంది. పాటులో తగిలితే మళ్లీ పోటు వచ్చేదాకా పక్కకి ఒరిగి దెబ్బలు తింటూ పడి ఉండాలి.

ఒకసారి మధ్యాహ్నం పూట మొగ ముందుకు చేరాం. మా కుర్రాళ్లిద్దరూ వాంతులతో నీరసించి ఉన్నారు. లోపలికి వెళ్లిపోదామని నాకూ తొందరగానే ఉంది. వేట నుంచి తిరిగొస్తున్న మరబోటు సరంగు (బోటు నడిపేవాడు) చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడొద్దు బాబూ, పాటు లాగేస్తోంది. మేమూ బయటే లంగరేస్తున్నాం. పోటు తిరిగి నీరెక్కాక నా ఎనకే రండి." సాయంత్రం దాకా ఊగుతూ ఆగి, అతని వెనకే వెళ్లాం. వాతావరణం నిజంగా చెడితే నేను ఒడ్డు వైపు చూడను. లోతు నీటిలోకి ఇంకా దూరం పోతాను.

అపోహ: జీపీఎస్, చార్టు ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు.

చార్టులో, అంటే సముద్రపు పటంలో, ఉన్నది కొలిచిన నాటి లోతు. ఒక్క తుపానుతో మేట చోటు మారిపోతుంది. పోటు పట్టికా అంతే, నీరు ఎప్పుడు ఎంత ఎక్కుతుందో చెబుతుంది గానీ ఇసుక ఎక్కడుందో చెప్పదు. అది చెప్పగలిగేది నిన్న ఆ దారిన వచ్చిన సరంగే. తిథిని బట్టి పోటు లెక్క వాళ్ల నోటి మీదే ఉంటుంది: పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు, అష్టముల దగ్గర చిన్నది, రోజుకు దాదాపు 50 నిమిషాల ఆలస్యం.

అపోహ: వేట నిషేధంలో రేవు ఖాళీగా ఉంటుంది, అప్పుడు వెళ్తే సులువు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ లోపలే కట్టేసి ఉంటాయి. చోటు దొరకనిది అప్పుడే.

మిగతా రోజుల్లో జెట్టీ ఖాళీగా కనిపించినా అది ఖాళీ కాదు. ఐసు ఎక్కించుకోడానికో చేపలు దించడానికో ఏదో బోటు రాబోతూ ఉంటుంది. అడిగి, వాళ్లు చూపించిన చోట, వరసగా పక్కపక్కనే కట్టిన బోట్లలో చివరిదాని పక్కన కట్టుకోండి. ఒడ్డుకు వెళ్లాలంటే వాళ్ల బోట్ల మీదుగానే నడవాలి. అణియానికి (బోటు ముందు కొసకు) పసుపు కుంకుమ పెట్టి గంగమ్మను కొలిచే బోట్లవి. చెప్పులు చేత్తో పట్టుకుని దాటండి. తెల్లవారుజామున వాళ్లు వేటకు కదిలేటప్పుడు లేచి తాళ్లు విప్పే బాధ్యత మనదే. రాయితీ డీజిల్ అడగొద్దు, అది వేటకు వెళ్లేవాళ్ల కోసం ఇచ్చేది.

అపోహ: మన దేశమే కదా, ఎక్కడైనా ఆగొచ్చు.

2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు ఒక చేపల పడవను పట్టుకుని దాని మీదే ముంబై దగ్గరి దాకా వచ్చారు. అప్పటి నుంచి తీరంలో తెలియని పడవ కనిపిస్తే ఊరంతా గమనిస్తుంది, గమనించాలి కూడా. ముందే మెరైన్ పోలీసులకు, రేవు అధికారులకు చెప్పండి. పడవ కాగితాలు, అందరి గుర్తింపు కార్డులు చేతికందేలా ఉంచండి. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ మన జలాల్లో నేరం. పడవ రేడియోలో వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్ (ఆపద పిలుపులకు వాడేది) వింటూ ఉండండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రతా పోలీసులది 1093.

బయటికి వచ్చేటప్పుడు చీకట్లో వలలు కనిపించవు, వాటిని తేల్చే బెండ్లకు చాలావరకు దీపాలు ఉండవు. నేను తెల్లారాకే, నిండు పోటులోనే కదులుతాను. అయినా ఒకసారి మా ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుని కోయాల్సి వచ్చింది. వెనక్కి తిరిగి రేవులోకి వెళ్లి, ఆ వల ఎవరిదో కనుక్కుని, ఖరీదు కట్టి, మర్నాటి పోటుకు బయలుదేరాం.